రాత నేర్పొద్దన్న దొర

1824 నవంబర్. వర్జీనియా కొండల్లో ఆకు రాలే కాలం. మాంటిసెల్లో ఎస్టేటు బాట మీద గుర్రపు బండి ఒకటి తాపీగా పోతోంది. లోపల ముగ్గురున్నారు. ఎనభై ఒక్కేళ్ల పెద్దాయన థామస్ జెఫర్సన్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసింది ఈయనే. 1801 నుంచి 1809 దాకా ఆ దేశానికి మూడో అధ్యక్షుడు. ఎదురుగా ఉన్నది ఫ్రాన్స్ నుంచి వచ్చిన జనరల్ లాఫాయెట్. పందొమ్మిదేళ్ల వయసులో సొంత డబ్బు పెట్టుకుని, సముద్రం దాటొచ్చి, అమెరికన్ల తరఫున కత్తి పట్టినవాడు. ఇప్పుడు 67 ఏళ్ల ముసలాయన. పక్కన ఆయన కొడుకు జార్జ్.

నాలుగో మనిషి బండి బయట, గుర్రం మీద ఉన్నాడు. పేరు ఇజ్రాయెల్ గిల్లెట్. పాతికేళ్లకు అటూ ఇటూ ఉంటాయి. పుట్టింది ఈ ఎస్టేటులోనే. ఈ దొర ఆస్తి. గుర్రాలు నడపడం అతని పని, లోపలి మాటలు వినడం అతని పని కాదు. అయినా వింటున్నాడు. మనమూ అతని పక్కనే ఉందాం.

లాఫాయెట్ ఇంగ్లీషు అతనికి సగం సగమే అర్థమవుతుంది. ఇవాళ మాత్రం చెవులు రిక్కించాడు, ఎందుకంటే మాట బానిసల మీదికి మళ్లింది. సాటి మనిషిని సొంతం చేసుకునే హక్కు ఎవరికీ లేదంటున్నాడు లాఫాయెట్. మనుషులందరి స్వేచ్ఛ కోసమనే కదా నేను ఇక్కడికొచ్చి నా డబ్బూ నా శ్రమా ధారపోసింది, తీరా చూస్తే కొందరు బానిసలుగానే మిగిలిపోయారే అని బాధపడుతున్నాడు. కనీసం వీళ్లకి చదువైనా చెప్పిస్తే అందరికీ మేలంటున్నాడు.

జెఫర్సన్ కాదనలేదు. విడుదలయ్యే రోజు వస్తుందన్నాడు. ఎప్పుడో చెప్పలేదు, ఎలాగో చెప్పలేదు. చదువు సంగతిలో మాత్రం సగం ఒప్పుకున్నాడు. అచ్చు అక్షరాలు చదవడం నేర్పితే నేర్పవచ్చు. రాయడం మాత్రం వద్దు. రాత వస్తే దొంగ కాగితాలు పుట్టిస్తారు. ఆ తర్వాత వాళ్లని అదుపులో పెట్టడం కుదరదు.

ఇజ్రాయెల్ ఏమీ అనడు. ఆ మాటల్ని మనసులో దాచుకుంటాడు. అవి అచ్చులోకి రావడానికి ఇంకా 49 ఏళ్లుంది.

కాగితాల ఇల్లు

దొర భయం ఉత్తుత్తి భయం కాదు. వర్జీనియాలో బానిస తోట దాటి అడుగు బయట పెట్టాలంటే యజమాని రాసిచ్చిన చీటీ ఉండాలి. స్వతంత్రుడైన నల్లవాడు దారిలో ఎవరు నిలదీసినా తన స్వేచ్ఛ పత్రం తీసి చూపించాలి. ఒక మనిషికీ ఇంకో మనిషికీ నడుమ ఉన్న గోడ మందం కాగితమంత. ఆ సంగతి జెఫర్సన్ కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు, ఎందుకంటే ఆయన బతుకంతా కాగితాల మీదే గడిచింది.

బండి దిగి ఇంట్లోకి పోదాం. ముందు హాల్లో గోడ గడియారం. తూకపు గుండ్లుగా ఫిరంగి గుండ్లు వేలాడుతున్నాయి. అవి రోజురోజుకీ కిందికి దిగుతుంటే గోడ మీది గుర్తుల్ని బట్టి ఇవాళ ఏ వారమో చెప్పవచ్చు. ఇంటి ఎత్తు చాలక నేలకు కన్నం కొట్టించాడు. అందుకే శనివారం కింది నేలమాళిగలో ఉంటుంది. గడియారానికి ఇంటి బయట కూడా ఒక ముఖం ఉంది. దానికి గంటల ముల్లు ఒక్కటే. గోడల మీద లూయిస్, క్లార్క్ పడమటి యాత్ర నుంచి పంపిన జంతువుల కొమ్ములు. 1803లో నెపోలియన్ దగ్గర కోటిన్నర డాలర్లకు లూసియానా ప్రాంతమంతా కొని దేశాన్ని ఒక్క సంతకంతో రెండింతలు చేసి, అక్కడేముందో చూసి రమ్మని ఈయన పంపిన యాత్ర అది.

లోపలి గదిలో మంచం, దాని పక్కనే రాత బల్ల. బల్ల మీద రెండు కలాల యంత్రం. ఒక కలంతో రాస్తుంటే, దానికి బిగించిన రెండో కలం పక్క కాగితం మీద అదే ఉత్తరాన్ని నకలు తీస్తుంది. జీవితకాలంలో ఈయన రాసిన ఉత్తరాలు దాదాపు 19 వేలు. పోయేవాటికి నకళ్లు, వచ్చేవాటికి జాబితా. రేపటివాళ్లు తనను ఈ కాగితాల్లోనే చదువుతారని ఆయనకు తెలుసు.

ఇదే గదిలో తోట పద్దు పుస్తకం ఉంది. తెరిస్తే ఆయన ముత్యాల్లాంటి అక్షరాల్లో పేర్లు: ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ తల్లి బిడ్డ, ఎవరికి ఎన్ని దుప్పట్లు, ఎంత పిండి, ఎన్ని ఉప్పు చేపలు. జీవితం మొత్తం మీద ఆయన సొంతమైన మనుషులు 600కు పైమాటే. 1820లో అల్లుడికి రాసిన ఉత్తరంలో లెక్క తేల్చి చెప్పాడు: తోటలో ఎంత గొప్ప పనిమంతుడికన్నా రెండేళ్లకో బిడ్డను కనే ఆడమనిషి ఎక్కువ లాభం.

ఈ ఇంట్లోనే ఎక్కడో ఒక చిన్న చెక్కపెట్టె కూడా ఉంది, ఒళ్లో పెట్టుకుని రాసుకునేది. దానితో పాటు మనం 1776కి పోదాం.

ఫిలడెల్ఫియా, జూన్. తాపీ మేస్త్రీ జేకబ్ గ్రాఫ్ ఇంటి పై అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు జెఫర్సన్. వయసు 33. ఒళ్లో ఆ పెట్టె. మనుషులంతా సమానులుగా పుట్టారని, స్వేచ్ఛ ఎవరూ ఇచ్చేది కాదని, పుట్టుకతోనే వచ్చేదని రాస్తున్నాడు. అదే ఇంట్లో ఆయనకు బట్టలు తీసిపెడుతూ, కబురు పెడితే పరిగెత్తుతూ పద్నాలుగేళ్ల కుర్రాడొకడున్నాడు. రాబర్ట్ హెమింగ్స్. జెఫర్సన్ భార్య మార్తా తండ్రికి పుట్టిన బిడ్డే, కాకపోతే బానిస తల్లి కడుపున పుట్టాడు. వరసకు బావమరిది, చట్టానికి సరుకు.

బానిస వ్యాపారాన్ని తిడుతూ, ఆ పాపమంతా బ్రిటన్ రాజు నెత్తిన పెడుతూ జెఫర్సన్ ఒక పెద్ద పేరా కూడా రాశాడు. కాంగ్రెస్ సభ్యులు దాన్ని కొట్టేశారు. దక్షిణ కెరొలైనా, జార్జియా వాళ్లకు అది మింగుడుపడలేదు. ఆయనకు మాత్రం కొట్టివేతలు జన్మంతా గుచ్చుకున్నాయి. జూలై 4న పొద్దున ఆరింటికి ఉష్ణోగ్రత 68 డిగ్రీల ఫారెన్‌హీట్ అని, మధ్యాహ్నం ఒంటిగంటకు 76 అని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. రాయకుండా ఏ రోజునూ పోనివ్వని మనిషి.

పారిస్‌లో బేరం

1789 వేసవి. షాంజెలీజే వీధిలో ఓటెల్ ద లాంజాక్. అమెరికా రాయబారి జెఫర్సన్ అద్దెకుంటున్న భవనం. బయట నగరం ఉడికిపోతోంది. బాస్టీల్ కోట కూలింది. లాఫాయెట్ మానవ హక్కుల ప్రకటన చిత్తుప్రతి పట్టుకుని సలహా కోసం ఈ ఇంటికే వచ్చి పోతున్నాడు. నాలుగేళ్ల కిందట, 1785లో, ఇదే నగరంలో వర్జీనియా గురించి జెఫర్సన్ రాసిన పుస్తకం అచ్చయింది. బానిసత్వం దొరలనూ బానిసలనూ ఇద్దరినీ చెడగొడుతుందని, దేవుడి న్యాయం తలచుకుంటే తన దేశం గురించి వణుకు పుడుతోందని అందులో ఉంది. నల్లవాళ్లు తెల్లవాళ్లకన్నా తెలివిలో తక్కువేమోనన్న అనుమానమూ ఉంది. రెండూ ఆ చేతి రాతే.

వంటింట్లో రాబర్ట్ తమ్ముడు జేమ్స్ హెమింగ్స్ ఫ్రెంచి వంట నేర్చుకుని ఈ ఇంటికి పెద్ద వంటవాడయ్యాడు. వాళ్ల చెల్లెలు సాలీకి పదహారేళ్లు. రెండేళ్ల కిందట జెఫర్సన్ చిన్నకూతురికి తోడుగా ఓడలో వచ్చింది. ఫ్రాన్స్ నేల మీద బానిసత్వం చెల్లదు. కోర్టులో అర్జీ పెట్టుకుంటే ఆ ఇద్దరికీ విడుదల దొరుకుతుంది. ఆ సంగతి జెఫర్సన్‌కు తెలుసు.

ఇప్పుడు ఇంటికి తిరుగు ప్రయాణం. సాలీ రానంది. ఆమె కొడుకు మాడిసన్ తర్వాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, అప్పటికే ఆమె కడుపుతో ఉంది. దొరకు 46 ఏళ్లు, పెళ్లాం పోయి ఏడేళ్లు. బేరం కుదిరింది: వస్తే మంచిగా చూసుకుంటాను, నీకు పుట్టే పిల్లల్ని ఇరవై ఒక్కేళ్లు నిండగానే వదిలేస్తాను. దీనికి కాగితం లేదు, సాక్షి లేడు. అన్నిటికీ నకలు తీసే మనిషి ఈ ఒక్క ఒప్పందాన్ని నోటి మాటగా వదిలాడు. పదహారేళ్ల పిల్ల ఆ మాట నమ్ముకుని ఓడెక్కింది. బానిసగా ఉన్న అమ్మాయికీ యజమానికీ మధ్య జరిగినదాన్ని ప్రేమ అనాలా, బలవంతం అనాలా అని నేటికీ వాదిస్తున్నారు. కాదనే హక్కు చట్టంలో లేని చోట ప్రేమ అన్న మాట నిలబడడం కష్టం.

మేకుల కొట్టం

1790ల చివరి రోజులు. మాంటిసెల్లోలో ఇంటికి పక్కగా మల్బరీ రో. వడ్రంగి కొట్టాలు, కమ్మరి కొలిమి, పొగచూరిన గుడిసెలు. మేకులు కొట్టే కొట్టంలో నిప్పు కణకణమంటోంది. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు కుర్రాళ్లు ఇనుప కడ్డీని కాల్చడం, కోయడం, తల కొట్టడం, మళ్లీ కడ్డీ. పొద్దున ఒక్కొక్కడికీ ఇనుము తూచి ఇస్తారు, సాయంత్రం మేకులు తూచుకుంటారు. ఎవడెంత ఇనుము వృథా చేశాడో దొర పుస్తకంలో ఉంటుంది. బాగా చేసినవాడికి ఎర్రదో నీలందో కొత్త బట్టల జత. ఈ మేకుల డబ్బుతోనే ఇంటికి సరుకులొస్తున్నాయి.

ఈ కుర్రాళ్లలో ఇద్దర్ని గుర్తుపెట్టుకోవాలి. ఒకడు జోసెఫ్ ఫాసెట్. పెద్దయ్యాక ఎస్టేటు కమ్మరి అవుతాడు. రెండోవాడు జేమ్స్ హబ్బర్డ్. అతను పై పనులు చేసి పైసా పైసా కూడబెట్టాడు. 1805లో ఆ డబ్బుతో మంచి బట్టలు, స్వేచ్ఛ పత్రాలు కొనుక్కుని వాషింగ్టన్ వైపు నడిచాడు. పత్రాలు రాసినవాడికి రాత సరిగా రాదు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఆ కాగితాలు చూడగానే పట్టుబడ్డాడు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పారిపోయాడు, మళ్లీ దొరికాడు. ఈసారి పాత స్నేహితులందరి ముందు నిలబెట్టి గట్టిగా కొరడా దెబ్బలు కొట్టించానని జెఫర్సన్ స్వయంగా ఉత్తరంలో రాశాడు. హబ్బర్డ్ మూడోసారి పారిపోయాడు. ఆ తర్వాత అతని జాడ లేదు.

జోసెఫ్ కథ వేరు. అతని భార్య ఈడిత్‌ను పదిహేనో ఏట వంట నేర్చుకొమ్మని వాషింగ్టన్‌లోని అధ్యక్ష భవనానికి తీసుకుపోయారు. అక్కడి ఫ్రెంచి వంటవాడి చేతి కింద పని. సెనేటర్లూ రాయబారులూ లొట్టలేసుకుంటూ తిన్న విందుల వెనక ఆమె చెయ్యి ఉంది. మొగుడు నూట పాతిక మైళ్ల అవతల. 1806 ఎండాకాలంలో ఓ రోజు జోసెఫ్ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఎన్నడూ దెబ్బ తినని నమ్మకస్తుడు ఎందుకు పారిపోయాడో జెఫర్సన్‌కు అర్థం కాలేదు. వెతకడానికి మనిషిని పంపాడు. జోసెఫ్ దొరికింది అధ్యక్ష భవనం దగ్గరే. పెళ్లాన్ని చూసుకోవడానికి పోయాడు. జైల్లో పెట్టి, వెనక్కి తెచ్చారు.

అప్పటికే దేశమంతా ఇంకో కథ తిరుగుతోంది. 1802 సెప్టెంబర్‌లో రిచ్మండ్ పత్రిక ఒకటి అధ్యక్షుడికి సాలీ అనే బానిస స్త్రీ ద్వారా పిల్లలున్నారని రాసింది. రాసిన జేమ్స్ క్యాలెండర్ ఒకప్పుడు జెఫర్సన్ దగ్గర డబ్బు పుచ్చుకుని ప్రత్యర్థుల్ని తిట్టినవాడే, ఉద్యోగం దక్కక ఎదురు తిరిగాడు. ఎగతాళి పాటలు పుట్టాయి, బొమ్మలు గీశారు. జెఫర్సన్ బహిరంగంగా ఒక్క ముక్క జవాబివ్వలేదు. 19 వేల ఉత్తరాల మనిషికి ఈ విషయంలో కలం కదల్లేదు.

అధ్యక్షుడిగా ఆయన చేసిన మంచిని తీసెయ్యలేం. 1807లో బయటి దేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించే చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకు ముందు, 1784లో, పడమటి ప్రాంతాల్లో బానిసత్వం వద్దని ఆయన తెచ్చిన ప్రతిపాదన ఒక్క ఓటు తేడాతో పోయింది. ఏ మతాన్నైనా నమ్మే, ఏదీ నమ్మకపోయే హక్కు ఇచ్చిన వర్జీనియా చట్టం ఆయన రాసిందే. కానీ వయసు పెరిగేకొద్దీ ఆ మంట చల్లారింది. 1814లో ఎడ్వర్డ్ కోల్స్ అనే పొరుగు యువకుడు, బానిసల విముక్తికి మీరు ముందు నడవాలని ఉత్తరం రాస్తే, అది కుర్రవాళ్లు చెయ్యాల్సిన పని అని జవాబిచ్చాడు. కోల్స్ ఆగలేదు. 1819లో తన బానిసలను ఇల్లినాయ్ తీసుకుపోయి విడుదల చేశాడు. ఆనాటి రోజులే అలాంటివి అనేవాళ్లకి కోల్స్ అడ్డం వస్తాడు. అవే రోజులు, అదే కౌంటీ.

జూలై 4, జనవరి 15

1826 జూలై మొదటి వారం. మాంటిసెల్లో పడకగది. జెఫర్సన్ మగతలో ఉన్నాడు. మధ్య మధ్యలో కళ్లు తెరిచి నాలుగో తేదీ వచ్చిందా అని అడుగుతున్నాడు. ప్రకటనకు యాభై ఏళ్లు నిండే రోజు అది. పది రోజుల కిందట వాషింగ్టన్ ఉత్సవానికి రాలేనంటూ ఉత్తరం రాశాడు. కొందరి వీపుల మీద జీను, కొందరి కాళ్లకు ముల్లు బూట్లు పెట్టి దేవుడు మనుషుల్ని పుట్టించలేదని ఆ ఉత్తరంలో ఉంది.

నాలుగో తేదీ పొద్దున ఆయన ఏదో సైగ చేశాడు. మంచం చుట్టూ ఉన్న బంధువులకు అర్థం కాలేదు. సేవకుడు బర్వెల్ కోల్బర్ట్‌కు అర్థమైంది. తల కాస్త పైకెత్తి పెట్టమంటున్నాడు. ఏళ్ల తరబడి సేవ చేసిన చెయ్యి తలగడ సర్దింది. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా ప్రాణం పోయింది. అదే రోజు సాయంత్రం మసాచుసెట్స్‌లో రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కూడా పోయాడు. దేశం దాన్ని దైవలీల అనుకుంది. కొండ మీద జాన్ హెమింగ్స్ శవపేటిక చేశాడు, వర్మ్‌లీ హ్యూజ్ గొయ్యి తవ్వాడు. ఇద్దరూ బానిసలే.

వీలునామా తెరిచారు. ఐదుగురికి స్వేచ్ఛ: బర్వెల్, జాన్ హెమింగ్స్, జోసెఫ్ ఫాసెట్, సాలీ కొడుకులు మాడిసన్, ఈస్టన్. పెద్దపిల్లలు బెవర్లీ, హారియెట్‌లను 1822లోనే చప్పుడు లేకుండా పోనిచ్చారు. పారిస్ మాట నిలబడింది. సాలీ పేరు వీలునామాలో లేదు. దొర కూతురు ఆమెను వదిలేసింది, సాలీ కొడుకుల దగ్గర షార్లట్స్‌విల్‌లో బతికి 1835లో పోయింది. మిగతా అందరూ అప్పు కింద జమ. జెఫర్సన్ మీద ఉన్న అప్పు లక్షా ఏడు వేల డాలర్లు. ఫ్రెంచి ద్రాక్షసారాయి, పుస్తకాలు, కడుతూ కూలుస్తూ పోయిన ఇల్లు, మామగారి నుంచి వచ్చిన బాకీ, స్నేహితుడి కోసం పెట్టిన హామీ, అన్నీ కలిసి.

1827 జనవరి 15. ఎముకలు కొరికే చలి. ఇంటి పచ్చిక మీద జనం. పెద్ద మనవడు థామస్ జెఫర్సన్ రాండాల్ఫ్ పత్రికలో వేసిన ప్రకటన చూసి వచ్చారు: విలువైన 130 మంది నీగ్రోలు, పశువులు, ధాన్యం, సామాను. పాట ఐదు రోజులు నడుస్తుంది. కుర్చీలు పోతున్నాయి, పటాలు పోతున్నాయి, మనుషులు పోతున్నారు. గొయ్యి తవ్విన వర్మ్‌లీని కుటుంబం ఊరికే వదిలేసింది గానీ, అతని పెళ్లాం పిల్లలు పాటలో ఉన్నారు. బండి నడిపిన ఇజ్రాయెల్‌ను 500 డాలర్లకు ఒకాయన కొనుక్కున్నాడు.

జోసెఫ్ ఫాసెట్ ఎక్కడ నిలబడ్డాడో చూడండి. వీలునామా ప్రకారం అతని స్వేచ్ఛ దొర పోయిన ఏడాదికి, అంటే వచ్చే జూలై 4కి. ఇవాళ ఇంకా బానిసే. తన వాళ్ల కోసం పాట పాడే హక్కు లేదు. స్వతంత్రుడైన చెల్లెలి భర్త జెస్సీ స్కాట్ ముందుకొచ్చి ఈడిత్‌ను, ఇద్దరు చంటిపిల్లల్ని 505 డాలర్లకు దక్కించుకున్నాడు. మిగతా పిల్లలు తలో చేతికి పోయారు. పదకొండేళ్ల పీటర్ వంతు వచ్చింది. జాన్ జోన్స్ అనే ఆయన కొన్నాడు. డబ్బు కూడదీసుకుని వస్తే తండ్రికి తిరిగి ఇచ్చేస్తానని ఒప్పుకున్నాడు. తీరా డబ్బు తెచ్చాక ఇవ్వనన్నాడు.

ఆ ఐదు రోజుల్నీ తలచుకుంటూ రాండాల్ఫ్ ముసలితనంలో, పాతకాలంలో శత్రువులకు చిక్కిన ఊరిని అమ్మేసినట్టుందన్నాడు. అమ్మకందారు తనే.

పీటర్ కాపీ పుస్తకం

పీటర్‌కు మాంటిసెల్లోలో దొర మనవడొకడు చదవడం నేర్పాడు. దొర హద్దు అంతవరకే. జోన్స్ ఇంట్లో పీటర్ ఆ హద్దు దాటాడు. ఎవరూ చూడకుండా కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దుకుంటున్నాడు. ఒకనాడు వేరే పుస్తకంలో అక్షరాలు చదువుతూ జోన్స్ కంటపడ్డాడు. ఆ పుస్తకం పొయ్యిలో పడింది. ఇంకోసారి చేతిలో పుస్తకం కనిపిస్తే ఒంటి మీద ముప్ఫై తొమ్మిది కొరడా దెబ్బలన్నాడు.

పీటర్ మానలేదు. రాత్రిళ్లు అందరూ పడుకున్నాక, దేవదారు పేళ్ల వెలుగులో తోటి బానిస ఒకరికి తను అక్షరాలు నేర్పుతున్నాడు. తర్వాత చెల్లెలు ఇసబెల్లా కోసం స్వేచ్ఛ పత్రం తనే రాశాడు. ఆమె ఆ కాగితంతో బోస్టన్ చేరింది. హబ్బర్డ్‌ను పట్టించిన తప్పుడు రాత ఇక్కడ లేదు. లాఫాయెట్‌తో బండిలో దొర చెప్పుకున్న భయం అక్షరాలా నిజమైంది. నిజం చేసింది ఆయన పెరట్లో పెరిగిన పిల్లవాడు.

తను మాత్రం పారిపోయిన ప్రతిసారీ దొరికిపోయాడు. 1850 ప్రాంతంలో అయినవాళ్లు, స్నేహితులు కలిసి కొని విడిపించారు. అప్పటికి తల్లిదండ్రులు ఒహాయోలోని సిన్సినాటిలో ఉన్నారు. పీటర్ అక్కడ విందు భోజనాల వ్యాపారం చేశాడు. తల్లి చేతి వంట ఆ రకంగా కొనసాగింది. పారిపోయి వచ్చే బానిసలకు దారి చూపాడు. బాప్టిస్టు పాస్టర్ అయ్యాడు. 1898లో తన బాల్యాన్ని న్యూయార్క్ పత్రిక ఒకదానికి చెప్పాడు. 1900లో, ముసలితనంలో, సంఘస్తుల సాయంతో మాంటిసెల్లో వెళ్లి ముందు ద్వారం గుండా లోపలికి నడిచాడు. కొన్ని నెలలకే కన్నుమూశాడు.

ఒహాయో సాక్షులు

1873 మార్చి. ఒహాయోలో పైక్ కౌంటీ రిపబ్లికన్ అనే చిన్న పత్రిక. అందులో మాడిసన్ హెమింగ్స్ అనే 68 ఏళ్ల వడ్రంగి తన జీవితకథ చెప్పాడు. తండ్రి థామస్ జెఫర్సన్ అని, పారిస్‌లో అమ్మ చేసుకున్న బేరం ఇదని, ఆయన తమ పట్ల దయగానే ఉన్నా తండ్రి ప్రేమ మాత్రం చూపలేదని చెప్పాడు. అక్షరాలు ఎలా వచ్చాయంటే, దొర ఇంటి తెల్లపిల్లల్ని బతిమాలి నేర్చుకున్నానన్నాడు. ఆ ఏడాదే అదే పత్రికలో ఇజ్రాయెల్ మాట్లాడాడు. ఇప్పుడు అతని పేరు ఇజ్రాయెల్ జెఫర్సన్. బండిలో విన్న సంభాషణ అప్పుడు బయటపడింది. మాడిసన్ చెప్పింది నిజమేనని కూడా అన్నాడు. అంతర్యుద్ధం అయ్యాక వర్జీనియా వెళ్లి రాండాల్ఫ్‌ను చూశానని, భూమి తప్ప అన్నీ పోయి ఆయనకు ఒక గుడ్డి కంచరగాడిద మిగిలిందని చెప్పాడు.

రాండాల్ఫ్ కోపంతో ఇదంతా అబద్ధమని రాశాడు. దొర కుటుంబం వేరే కథ చెప్పింది: సాలీ పిల్లలు జెఫర్సన్ మేనల్లుళ్ల పిల్లలు. రాండాల్ఫ్ పీటర్ కార్‌ను చూపించాడు, రాండాల్ఫ్ సొంత చెల్లెలు ఎలెన్ శామ్యూల్ కార్‌ను చూపించింది. ఇద్దరి మాటా ఒకటి కాలేదు. అయినా నూరేళ్లకు పైగా చరిత్రకారులు నమ్మింది వీళ్లనే. పెద్దింటివాళ్ల ఉత్తరాలు ఆధారాలయ్యాయి. వడ్రంగి చెప్పింది పుకారయింది. సాలీ ప్రతి కాన్పుకూ తొమ్మిది నెలల ముందు జెఫర్సన్ ఇంట్లోనే ఉన్నాడని ఆయన నోటు పుస్తకాలే చెబుతున్నా అంతే.

1997లో న్యాయశాస్త్ర అధ్యాపకురాలు ఆనెట్ గోర్డన్-రీడ్ ఆ తక్కెడ ఎంత వంకరగా ఉందో పుస్తకంగా రాసింది. మరుసటి ఏడాది డీఎన్‌ఏ పరీక్షలో ఈస్టన్ హెమింగ్స్ వంశస్తుడి వై క్రోమోజోము జెఫర్సన్ వంశంతో కలిసింది, కార్ వంశంతో కలవలేదు. ఆ తండ్రి థామస్ సొంత తమ్ముడు రాండాల్ఫ్ జెఫర్సన్ అయ్యుండొచ్చని కొందరు ఇంకా వాదిస్తారు. మాంటిసెల్లోను నడిపే ఫౌండేషన్ మాత్రం 2000లో మాడిసన్ మాటవైపే మొగ్గి, 2018 నాటికి ఇక ఇందులో సందేహం లేదంది. సాలీ ఉండేదని భావిస్తున్న గది 1941లో సందర్శకుల మరుగుదొడ్డిగా మారింది. దాన్ని తవ్వి, పాత పొయ్యి ఆనవాలు బయటికి తీసి, ఆమె కథకు కేటాయించారు.

2021 నవంబర్‌లో న్యూయార్క్ నగర కౌన్సిల్ సభా మందిరం నుంచి జెఫర్సన్ విగ్రహాన్ని చెక్కపెట్టెలో బిగించి బయటికి మోశారు. గతాన్ని ఇప్పటి కళ్లతో చూడడం అన్యాయమని ఒక పక్షం, బానిసల యజమాని నెత్తి మీద నిలబడి ఉంటే చట్టాలెలా చేస్తామని ఇంకో పక్షం.

ఈ తగాదా మనకాలపు మనుషులు తెచ్చిపెట్టింది కాదు. జెఫర్సన్ తన సమాధి మీద ఏం చెక్కాలో రాసిపెట్టుకుని పోయాడు: ప్రకటన రచయిత, మతస్వేచ్ఛ చట్టం రచయిత, వర్జీనియా విశ్వవిద్యాలయ పిత. అధ్యక్ష పదవి ఊసే లేదు. తనను రాతగాడిగా గుర్తుంచుకొమ్మన్నాడు. ఆ కోరిక న్యాయమైనదే. మనుషులంతా సమానమన్న ఆయన వాక్యం ఆయన కంటే పెద్దది. దాన్ని పట్టుకునే దేశదేశాల్లో జనం సంకెళ్లు తెంచుకున్నారు. కానీ ఆ వాక్యాన్ని అందరికంటే ముందు, అందరికంటే దగ్గరగా పరీక్షకు పెట్టింది ఆయన కొలిమిలో, వంటింట్లో, బండి ముందు ఉన్నవాళ్లు. ఆయనకు కొత్త న్యాయమూర్తులు అక్కర్లేదు. పీటర్, మాడిసన్, ఇజ్రాయెల్ తమ వాంగ్మూలాన్ని ఎప్పుడో అచ్చులో పెట్టారు. వంద సంవత్సరాలు దాన్ని పక్కన పడేసి దొర ఉత్తరాలొక్కటే చదవడం మనం చేసిన తప్పు. రెంటినీ కలిపి చదివితే జెఫర్సన్ దేవుడూ కాడు, దయ్యమూ కాడు. సత్యం రాయగలిగి, దాని ఖరీదు చెల్లించడానికి ఒప్పుకోని మనిషి. ఆ ఖరీదు చెల్లించినవాళ్ల పేర్లు ఆయన పద్దు పుస్తకంలోనే, ఆయన చేతి రాతలోనే ఉన్నాయి.